పేరు తెలియని కాయల చెట్టు: పొయ్యిలో పెట్టే ముందు

గాలివాన వెలిసిన మర్నాడు ఊళ్లో మొదట వినపడేది రంపం చప్పుడే. పడింది వేపో చింతో అయితే ఎవరూ ఆలోచించరు. కొత్తగా కొన్న చేను గట్టు మీదో, అడవి అంచు బీడులోనో పేరు తెలియని మాను ఒరిగి, దాని కింద గట్టి పెంకు కాయలు రాలి ఉంటేనే ఆగి, "ఇది కట్టెకు పనికొస్తుందా?" అని అడుగుతారు. ఎండితే మండని కట్టె లేదు కాబట్టి ఆ ప్రశ్నకు ఎప్పుడూ అవుననే జవాబు వస్తుంది. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఇది నల్లజీడి కాదు కదా?

మన అడవుల్లో కాయ గట్టిగా ఉండే చెట్లలో పొయ్యి దగ్గరికి అసలు రానివ్వకూడనిది నల్లజీడి. సంస్కృతంలో భల్లాతకి. దాని కాయ పెంకులో, బెరడులో ఉండే రసం ఒంటికి తగిలితే దురద, ఎరుపు, ఆపైన నీటి బొబ్బలు. కొందరికి తగిలిన పూటే తెలుస్తుంది, కొందరికి ఒకటి రెండు రోజుల తర్వాత. ఎండితే పోతుందిలే అనుకోవడానికి లేదు, ఈ రసం గుణం ఎండిన కర్రలో కూడా నిలిచే ఉంటుంది. కాలిస్తే మసితో కలిసి పొగలో లేస్తుంది. ముఖం వాచి కళ్లు మూసుకుపోవడం, గొంతు లోపల పుండ్లు పడటం, ఊపిరి ఆడకపోవడం అలా జరిగేవే. ఒంటికి తగిలితే చర్మంతో పోతుంది, పొగగా పీలిస్తే ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వస్తుంది.

పేర్ల దగ్గరే సగం తికమక ఉంది. జీడి అన్న మాట మనకు ముందు నుంచి ఉన్నది ఈ నల్లజీడికే. ఇవాళ జీడిపప్పు ఇచ్చే చెట్టు బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో గోవా తీరానికి వచ్చింది. కాయలో జీడి, పండులో మామిడి పోలిక చూసి మనవాళ్లు దానికి జీడిమామిడి అని పేరు పెట్టారు. పుస్తకం చదవకుండానే చుట్టరికం సరిగ్గా పట్టుకున్నారు: నల్లజీడి, జీడిమామిడి, మామిడి, సారపప్పు చెట్టు, నాలుగూ ఒకే కుటుంబం. మామిడికాయ సొన కారి మూతి పొక్కడం, జీడి పిక్క పెంకు నూనెకు వేళ్లు కాలడం, నల్లజీడికి ఒళ్లంతా బొబ్బలెక్కడం ఒకే కోవలోవి, మోతాదులోనే తేడా.

ఇక గుర్తుపట్టడం. రాలిన కాయ ఒక్కటి చూసి తీర్పు చెప్పడం అందరూ చేసే తప్పు. నాటు బాదం కాయల్నీ పొన్న కాయల్నీ గబ్బిలాలు దూరం నుంచి తెచ్చి, కండ తినేసి, టెంకెను వేరే చెట్టు కింద వదిలేస్తాయి. కాబట్టి కింద దొరికిన కాయ, కొమ్మకు వేలాడే కాయ ఒకటేనా అన్నది ముందు చూసుకోవాలి. చెట్టు మీద కాయలు లేకపోతే కొమ్మ చివర ఎండిన తొడిమలు, కాయ కూర్చున్న గిన్నె లాంటి భాగం మిగిలాయేమో వెతకండి. ఫోన్‌లో ఫొటో తీసి పేరు చెప్పే యాప్‌లను ఆకు విషయంలో కొంత నమ్మొచ్చు. బెరడు ఫొటో పెట్టి అడిగితే నోటికొచ్చింది చెబుతాయి.

తర్వాత ఆకులు కొమ్మకు ఎలా అంటుకున్నాయో చూడాలి. ఒక కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, లేక కొమ్మ చివరన గొడుగులా గుత్తిగా చేరాయా? తాని, బాదం, నల్లజీడి మూడూ కొమ్మ చివర గుత్తులు కట్టేవే. దూరం నుంచి చూసేవాడు తానిని చూసి నల్లజీడి అనుకొని భయపడతాడు, నల్లజీడిని చూసి తాని అనుకొని నరుకుతాడు. రెండో పొరపాటే ప్రమాదం. దగ్గరికి వెళ్లి తొడిమ చూస్తే తేడా తెలుస్తుంది. తాని ఆకు తొడిమ సన్నగా, ఆకుతో పోలిస్తే బాగా పొడుగ్గా, మూడు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. నల్లజీడి ఆకు చాలా పెద్దది, ఒక్కోసారి అర మీటరు దాకా సాగుతుంది. తోలులా మందం. తిప్పి చూస్తే అడుగు వైపు బూడిద పూసినట్టు తెల్లగా, ఈనెలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. అంత పెద్ద ఆకుకు తొడిమ మాత్రం పొట్టి, లావు.

కాయ ఉంటే ఇక సందేహమే ఉండదు. నల్లజీడి కాయ సుమారు రెండున్నర సెంటీమీటర్లు, నల్లగా, నిగనిగలాడుతూ, హృదయం ఆకారంలో కాస్త అణిగి ఉంటుంది. దాని కింద నారింజ రంగు కండగల గిన్నె. జీడిమామిడిలో పండు పెద్దది, పిక్క చిన్నది. ఇక్కడ గిన్నె చిన్నది, కాయ పెద్దది. ఈ కాయ రసంతోనే చాకళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేవాళ్లు. ఎన్ని ఉతుకులకూ పోని ఆ నలుపు గుర్తుంటే, ఆ కాయను చేత్తో పగలగొట్టి చూడాలనిపించదు.

కాయలు లేని కాలంలో చేసే పరీక్ష ఒకటుంది. చేతికి పాలిథిన్ సంచి తొడుక్కొని ఒక ఆకును తొడిమతో సహా కోసి, తెల్ల కాగితం మడతలో పెట్టి, రాయితో నలగ్గొట్టండి. ఆకు పారేసి కాగితాన్ని నీడన ఉంచండి. మరక పది, పదిహేను నిమిషాల్లో గోధుమ రంగుకు తిరిగి, సాయంత్రానికి నల్లబడితే ఆ చెట్టు జీడి కుటుంబానిదే అనుకొని జాగ్రత్త పడాలి. రాయితోనే కొట్టమనడానికి కారణముంది. కరక్కాయ, తాని, మద్ది జాతి చెట్లలో వగరు ఎక్కువ. ఆ వగరు ఇనుముతో కలిస్తే నీలి నలుపు అవుతుంది, పాతకాలంలో కరక్కాయతో సిరా చేసింది ఆ గుణంతోనే. సుత్తితో కొడితేనో, గొడ్డలి వేటు దగ్గర నల్లటి చార చూస్తేనో అది ఏ నలుపో తేల్చలేం. ఇనుము తగలని కాగితం మీద నల్లబడితేనే ఆ మరక చెప్పేది వినాలి. అప్పటికీ మరక కుటుంబం పేరే చెబుతుంది. చెట్టు పేరు ఆకు, కాయ చెప్పాలి. మరక పడలేదని ధైర్యంగా ముట్టుకోవడానికీ లేదు, ముదిరిన ఆకులో రసం తక్కువగా ఉండొచ్చు.

పొరపాటున రసం తగిలితే వెంటనే సబ్బు, ధారాళంగా నీళ్లు. గోళ్ల సందులు కూడా కడగాలి. అలవాటు కొద్దీ ముందే కొబ్బరినూనె రాస్తే రసం నూనెలో కరిగి ఇంకా వెడల్పుగా పరుచుకుంటుంది. కడిగాక రాసుకుంటే ఫర్వాలేదు. గొడ్డలి పిడి, రంపం పళ్లు, తలపాగా తుండు, ఇవన్నీ కూడా ఉతకాలి, తోమాలి. చాలామందికి రెండోసారి బొబ్బలు వచ్చేది చెట్టు నుంచి కాదు, కడగని పిడి నుంచి. పొగ పీల్చి గొంతు మంట, దగ్గు మొదలైతే ఇంటి వైద్యం జోలికి పోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నల్లజీడి కాదని తేలాక మిగిలేవి తాపీగా చూసుకోవచ్చు. తెల్ల పాలు కారుతున్నాయా అన్నది మంచి తొలి జల్లెడ. సన్నటి పొడుగాకులు, పసుపు పచ్చని గంట పూలు, పలకలు తేరిన కాయ ఉన్నది పచ్చగన్నేరు. పెరళ్లలో ఎక్కువ. దాని గింజ ప్రాణాంతకం. దాని పుల్లతో ఏదీ గుచ్చి కాల్చకూడదు, వంట పొయ్యిలో వాడకపోవడమే మేలు. పాలు కారుతూ ఆకులు ఎదురెదురుగా, నున్నగా, నడి ఈనె నుంచి దువ్వెన పళ్లలా లెక్కలేనన్ని సన్నని ఈనెలతో ఉంటే అది పొన్న. గుళ్లలో పొన్న వాహనం చూసినవాళ్లు చెట్టును చూసి ఉండకపోవచ్చు. తీరప్రాంతంలో కాయ గోలీలా గుండ్రంగా రాలుతుంది, పెంకులో ఒకటే గింజ, గింజ నిండా నూనె. ఒకప్పుడు దీపాలకు వాడిన నూనె అదే. కర్ర పడవలకు పోయేంత గట్టిది. నిలువుగా, నిటారుగా ఉన్న పొన్న మానును పేళ్లుగా చీల్చడం దండగ. కొమ్మలు మాత్రం కట్టెకు బాగుంటాయి.

బాదం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా పరుచుకుంటాయి, రాలబోయే ఆకు ఎర్రబడుతుంది, కాయ అంచున గీత తేలి పడవలా ఉంటుంది. రాత్రి నానబెట్టుకొని తినే బాదం దీనిది కాదు, అది చలి ప్రాంతాల చెట్టు, మన దగ్గర కాయదు. నాటు బాదం పప్పు మాత్రం తినదగిందే. కట్టె మధ్య రకం. త్వరగా అంటుకుంటుంది, కణికలు ఎక్కువసేపు నిలవవు. టీ కాచుకోవడానికి సరిపోతుంది, పెళ్లి వంటకు చాలదు.

జీడిమామిడి కట్టెను శ్రీకాకుళం ఉద్దానం వాళ్లంత ఎక్కువగా చూసినవాళ్లు ఉండరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు అక్కడ కొబ్బరితో పాటు జీడితోటలూ నేలమట్టం అయ్యాయి. ఈ కర్ర తేలిక, గబగబా కాలిపోతుంది, బూడిద ఎక్కువగా మిగిలినట్టు అనిపిస్తుంది. దొరికినప్పుడు వాడుకోవాలే గానీ డబ్బిచ్చి కొనే కట్టె కాదు. పిక్క పెంకుల సంగతి వేరు. వాటిలో నాలుగో వంతు దాకా నూనె ఉంటుంది, భగ్గున మండుతాయి, వేడి కూడా బాగా ఇస్తాయి, కానీ ఆ పొగ కళ్లను, గొంతును కోస్తుంది. పొడుగు పొగగొట్టం ఉన్న బాయిలర్లకు సరే. వంటింటి పొయ్యిలో పిడికెడు పెంకులు కూడా వద్దు.

సార చెట్టును, అంటే మొర్రి పండ్ల చెట్టును, బెరడే పట్టిస్తుంది. మొసలి వీపులా చిన్న చిన్న పలకలుగా పగిలి, ముదురు బూడిద రంగులో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బఠాణీ అంత నల్లటి పండ్లు. లోపలి గట్టి పెంకు పగలగొడితే సారపప్పు. దీని కర్ర తేలిక, కట్టెగా నాసి. పప్పు మాత్రం మిఠాయి దుకాణంలో ఎంత పలుకుతుందో అందరికీ తెలుసు. ఈ చెట్టును కట్టెకు కొట్టడం కంటే తెలివితక్కువ పని ఈ మొత్తం వ్యవహారంలో ఇంకొకటి లేదు. ఒక మండు వేసవి కాపుతో వచ్చేది, మానంతా కట్టెగా అమ్మినా రాకపోవచ్చు.

తాని, కరక్కాయ, రెండూ మద్దికి దగ్గరి చుట్టాలు, ఉసిరితో కలిస్తే త్రిఫల. కరక్కాయ ఆకులు దాదాపు ఎదురెదురుగా వస్తాయి. తొడిమ ఆకును కలిసేచోట ఆవగింజ కంటే చిన్న గ్రంథులు రెండు ఉంటాయి. వేలితో తడిమితే తగులుతాయి, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఎండిన కాయకు నిలువుగా అయిదు గట్లు తేలి ఉంటాయి. తాని కాయ గుండ్రంగా, బూడిద గోధుమ రంగు నూగుతో, ముట్టుకుంటే మఖమల్‌లా ఉంటుంది. పూత కాలంలో ఆ చెట్టు కింద నిలబడలేం, అంత కంపు. తానికాయలు ఒకప్పుడు జూదంలో పాచికలు. నలుణ్ని వదిలిన కలిపురుషుడు వెళ్లి చేరింది కూడా తాని చెట్టులోనే, ఆ కథ కారణంగా ఆ నీడన కూర్చోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కట్టెగా తాని బాగానే మండుతుంది, బొగ్గూ బాగానే వస్తుంది. దాని లోపమల్లా పుప్పి. చేవ తేలని పసుపు రంగు కర్ర కావడంతో కొట్టి పడేసిన కొన్ని వారాలకే పురుగు తొలిచి పిండి రాలుస్తుంది. పిండి రాలిన మేర బరువు పోయినట్టే, అంటే వేడీ పోయినట్టే. తాని పడితే వెంటనే చీల్చి ఎండబెట్టాలి, దుంగగా ఏడాది ఉంచుదామనుకోకూడదు. కరక్కాయ కర్ర దానికి పూర్తిగా వేరు. బాగా గట్టి, బరువు, గొడ్డలికి లొంగదు, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. అయినా కాపు కాసే కరక్కాయ చెట్టు విలువ కాయలోనే ఉంది. గిరిజన ప్రాంతాల్లో ఈ కాయలను కొనడానికి 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది.

పేరు తేలకపోయినా కట్టె విలువ కట్టొచ్చు. నల్లజీడి కాదని తేలితే చాలు. ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. "ఈ కట్టెలో వేడి ఎక్కువ, ఆ కట్టెలో తక్కువ" అంటారు గానీ, బొత్తిగా తడి లేకుండా ఎండిన ఏ చెట్టు కర్ర అయినా కిలోకు ఇచ్చే వేడి 4,500 కిలోకేలరీలకు అటూ ఇటూగానే ఉంటుంది. తుమ్మకూ జీడిమామిడికీ తేడా కిలోలో లేదు, ఘనపు అడుగులో ఉంది. అదే పొయ్యిలో అదే సైజు పేడు పెడితే బరువైన కర్రలో సరుకు ఎక్కువ, అంతే. అందుకే కట్టె విలువ తెలియాలంటే రెండే కొలతలు చాలు, సాంద్రత, తడి.

సాంద్రతకు తక్కెడ కూడా అక్కర్లేదు. మాను మధ్య భాగం నుంచి అంగుళం మందం, అంగుళం వెడల్పు, 12 అంగుళాల పొడుగున్న పుల్ల చదునుగా కోసి, నీడన బాగా ఎండనివ్వండి. రెండంగుళాల పీవీసీ పైపుకు అడుగున మూత బిగించి నీళ్లు పోసి, పుల్లను నిలువుగా వదలండి. వెడల్పు గిన్నెలో వేస్తే పుల్ల అడ్డం తిరిగిపోతుంది, అందుకే పైపు. మునిగిన మేర వెంటనే గుర్తు పెట్టుకోవాలి. ఆలస్యమైతే పుల్ల నీళ్లు తాగి ఇంకా దిగుతుంది. 12 అంగుళాల్లో 6 మునిగితే సాంద్రత 0.5, అంటే సార, జీడిమామిడి వరస. 7 మునిగితే బాదం లాంటి మధ్య రకం. 9 మునిగితే 0.75, నల్లతుమ్మతో సమానం. 10, 11 దాకా దిగితే సరుగుడు, చింత పక్కన నిలబడే కట్టె. అలాంటిది దొరికితే పేరేదైనా పొయ్యికి వరమే. బెరడుతో కోయొద్దు, కొమ్మ చివర నుంచి కోయొద్దు, పుప్పి పట్టిన చోట అసలే కోయొద్దు.

తడి లెక్కకు దుంగ చివర కాకుండా, చివర నుంచి కనీసం అడుగు లోపల కోసిన అంగుళం మందం బిళ్ల కావాలి. చివర్లు ముందే ఎండి అబద్ధం చెబుతాయి. కోసిన వెంటనే తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంత వరకూ ఉంచి మళ్లీ తూచాలి. 400 గ్రాముల బిళ్ల 300కి వచ్చిందనుకోండి, 100 గ్రాములు నీళ్లు, అంటే కట్టె బరువులో 25 శాతం. ముళ్లు గుచ్చి చూసే తేమ మీటరు అదే కట్టెకు 33 చూపిస్తుంది. అది తప్పు చెప్పడం లేదు. నీళ్లను ఎండు కర్రతో భాగించి చెబుతుంది, 300లో 100. ఈ రెండు లెక్కలు కలిపేసుకొని కొట్లాడుకునేవాళ్లు ఉన్నారు. కింద నేను చెప్పేవన్నీ మొదటి లెక్క ప్రకారం.

పచ్చి కట్టెలో దగ్గర దగ్గర సగం నీళ్లే. ఆ నీటిని ఆవిరి చేయడానికి కిలోకు 600 కిలోకేలరీల దాకా ఖర్చవుతుంది. ఈ రెండు దెబ్బలూ కలిపితే సగం తడి ఉన్న కట్టె కిలోకు 1,900 దగ్గర ఆగిపోతుంది. 20 శాతానికి ఎండిందైతే 3,400 ఇస్తుంది. పది లీటర్ల నీళ్లు మరగడానికి 700 కిలోకేలరీలు కావాలి. మూడు రాళ్ల పొయ్యి ఇచ్చిన వేడిలో ఎనిమిదో వంతు గిన్నెకు చేరితే గొప్ప. ఎండు కట్టె అయితే కిలోన్నర, రెండు కిలోల మధ్య సరిపోతుంది, పచ్చిదైతే మూడు కిలోలు దాటుతుంది, పొగ అదనం. కొత్త కట్టెను పరీక్షించడానికి ఇదే మంచి పద్ధతి. అదే పొయ్యి, అదే గిన్నె, అదే పది లీటర్లు, ఒకరోజు తెలిసిన సరుగుడు, మర్నాడు కొత్త కట్టె. తూచి పెట్టి, మరిగాక మిగిలింది తూచి తీసేయాలి. మంట ఆగాక కణికలు ఎంతసేపు ఎర్రగా ఉన్నాయో కూడా రాసుకోండి. కూర ఉడకడానికి మంట కావాలి గానీ అన్నం దమ్ముకు, పాలు మరగడానికి కణికలే కావాలి. ఈ పరీక్ష ఆరుబయట, పొగ మీదికి రాని వైపు నిలబడి చేయండి.

తూకానికి కొనేవాళ్లకు ఇందులో ఒక లెక్క ఉంది. టన్ను పచ్చి కట్టెలో కర్ర 500 కిలోలే. అది 20 శాతానికి ఎండితే 625 కిలోలు తూగుతుంది. కాబట్టి పచ్చి టన్ను ధర, ఎండు టన్ను ధరలో ఎనిమిదింట అయిదు వంతులకు మించి ఇస్తే నీళ్లు కొన్నట్టే.

పడిన మానులో ఎంత కట్టె ఉందో అడితిలో లెక్క కట్టే పద్ధతి: నడుమ చుట్టుకొలత నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, పొడుగుతో గుణించడం. నాలుగడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడుగు అయితే 10 ఘనపు అడుగులు. ఇది కలప లెక్క, కోతలో పోయేది ముందే తీసేసింది. కట్టెకు కోత నష్టం లేదు కాబట్టి నిజానికి అందులో 12.7 ఘనపు అడుగులున్నాయి. 0.6 సాంద్రత కర్ర అయితే ఎండాక 216 కిలోలు. అమ్మేవాడు చిన్న లెక్కకు ఒప్పుకుంటే అయిదో వంతు కట్టె ఊరికే ఇచ్చినట్టు.

నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే సొంత భూమిలోదైనా సరే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ లాంటి తోట చెట్లకు మినహాయింపు ఉంది. పేరు తెలియని అడవి చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో అటవీ శాఖ కార్యాలయంలో అడిగితే, మాటలో మాటగా పేరు కూడా తేల్చి చెబుతారు. ఆకులు, కాయ ఉన్న ఒక కొమ్మ పట్టుకెళ్లండి, నల్లజీడి అనుమానం ఉంటే మాత్రం ఫొటోలతో వెళ్లండి.

కొట్టే కాలం మాఘ ఫాల్గుణాలు. ఆకు రాల్చే చెట్లు అప్పటికి ఖాళీ అవుతాయి, ముందు ఎండాకాలం మొత్తం ఉంటుంది. అడుగు, అడుగున్నర పొడుగు ముక్కలు కోసి, మూడు నాలుగు అంగుళాల మందానికి మించకుండా అప్పుడే చీల్చాలి. పచ్చిలో గొడ్డలికి లొంగినట్టు ఎండాక లొంగదు. కరక్కాయ లాంటి దాన్ని ఎండనిచ్చి చీల్చబోతే గొడ్డలి ఎగిరి కాలి మీదికి వస్తుంది. ఇటుకల మీద రెండు వాసాలు పరిచి, వాటి మీద పేళ్లను ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పేర్చండి. నేలకు ఆనితే చెదలు, గోడకు ఆనితే గాలి ఆడదు. పైన రేకు, పక్కలు బార్లా. చుట్టూ టార్పాలిన్ చుట్టేసేవాళ్లు చేస్తున్నది ఎండబెట్టడం కాదు, ఉడకబెట్టడం. లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది. తేలిక కట్టె రెండు మూడు నెలల్లో, బరువైంది నాలుగు నుంచి ఆరు నెలల్లో దారికి వస్తుంది. రెండు పేళ్లను ఒకదానితో ఒకటి కొడితే మొద్దు చప్పుడు పోయి ఠంగుమనాలి, చివర్లలో చీలికలు కనపడాలి, బెరడు గోటితో లేవాలి. సరుగుడు పచ్చిగా కూడా మండుతుంది కదా అని మిగతా వాటికి ఆ ధీమా పనికిరాదు.

ఒరిగింది నల్లజీడే అయితే ఏం చేయాలో కూడా చెప్పాలి. దారికి అడ్డం లేకపోతే ఉన్నచోటే వదిలేయండి. తీయాల్సి వస్తే పొడుగు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు. మోటారు రంపం కంటే చేతి రంపం నయం, పొట్టు మీదికి ఎగరదు. ముక్కల్ని పశువుల దారికి, పిల్లల ఆటకు దూరంగా ఒక మూల కుప్ప వేసి కుళ్లనివ్వండి, లేదా గోతిలో పూడ్చండి. ఆకులు, చితుకులు కూడా చెత్తలో కలిపి తగలబెట్టకూడదు. ఊరికే వస్తుంది కదా అని కట్టెల బండివాడు అడుగుతాడు. పేరు చెప్పినా సరే ఇవ్వొద్దు, అది చేతులు మారి ఏ హోటల్ పొయ్యికో చేరేటప్పటికి పేరు దానితో వెళ్లదు.